చెంగ్డూలో ఒక నెల అబ్జర్వర్‌షిప్: ఏ డిపార్ట్‌మెంట్? తర్వాత ఎటు తిరగాలి?

వడపళని అమ్మాయి:
అందరికీ నమస్తే. చెన్నైలో ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్ చదువుతున్నా. పరీక్షలయ్యాక, ఇంటర్న్‌షిప్ మొదలయ్యేలోపు చెంగ్డూలోని వెస్ట్ చైనా హాస్పిటల్లో నెలపాటు అబ్జర్వర్‌షిప్‌కి (పక్కనుండి చూసి నేర్చుకోవడానికి) అవకాశం వచ్చింది. మెడిసిన్, సర్జరీ, ఎమర్జెన్సీ, న్యూరో, వారానికొకటి చొప్పున తిరగొచ్చంటున్నారు. అదయ్యాక కొన్నాళ్లు ఊళ్లు చూడాలని, వీలైతే టిబెట్‌లోని లాసా వెళ్లాలని ఆశ. నెల్లూరులో నాన్న మాత్రం "భాష రాని చోట ఏం నేర్చుకుంటావమ్మా?" అంటున్నారు. ఆ మాటే నన్నూ పట్టుకుంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. నేను శాకాహారిని కూడా.

జయనగర్ సర్జన్, బెంగళూరు:
చెల్లీ, వారానికొకటి వద్దు. నెలంతా ఒక్కచోటే ఉండు. ఆ చోటు లివర్ సర్జరీ అయితే మరీ మంచిది. ఎందుకో చెబుతా.

హైడాటిడ్ అంటే ఒక రకం బద్దెపురుగు వల్ల లివర్‌కి వచ్చే జబ్బు. మన దగ్గర చూసేది గ్రాన్యులోసస్ అనే పురుగు రకం. లివర్‌లో గుండ్రటి తిత్తి, స్కాన్‌లో అంచు స్పష్టంగా కనిపిస్తుంది. నులిపురుగుల మందు ఆల్బెండజోల్ ఇస్తాం, అవసరమైతే ఆపరేషన్ చేస్తాం. చెంగ్డూ ఉన్న సిచువాన్ రాష్ట్రం పడమటి పీఠభూమిలో, ముఖ్యంగా గార్జే ప్రాంతంలో, మల్టీలాక్యులారిస్ అనే ఇంకో రకం ఉంది. మన పుస్తకాల్లో రెండు లైన్లకు మించి ఉండదు. అది క్యాన్సర్‌లా లివర్‌లోకి పాకుతుంది, పిత్తనాళాల్నీ రక్తనాళాల్నీ చుట్టేస్తుంది. ఏళ్ల తరబడి నొప్పి కూడా ఉండదు. పురుగు ఉండేది నక్కల పేగుల్లో, కుక్కల పేగుల్లో. గుడ్లు మలంతో పచ్చిక మీద పడతాయి, వాటిని చిన్న చిన్న ఎలుకజాతి జీవాలు తింటాయి, వాటిని మళ్లీ కుక్కలు తింటాయి. ఆ పచ్చిక మీదే యాక్‌లు కాచుకునే మనుషులకు కుక్కలతోనే కాపురం, అలా గుడ్లు వాళ్ల నోట్లోకీ పోతాయి.

నేను అక్కడ ఉన్నప్పుడు అలాంటి ఒక పెద్దావిడ కళ్లు పచ్చబడి వచ్చింది. ఆవిడకు టిబెటన్ తప్ప మరో భాష రాదు. కొడుకు దాన్ని సిచువాన్ యాసలో చెబితే, రెసిడెంట్ (శిక్షణలో ఉన్న డాక్టరు) నాకు ఇంగ్లీషులో చెప్పాడు. ప్రొఫెసర్ అడిగిన మొదటి ప్రశ్న: ఇంట్లో కుక్కలెన్ని? హిస్టరీ తీసుకోవడమంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది. మామూలుగా కోసి తీయడానికి వీల్లేని కేసుల్లో అక్కడ లివర్‌ని పూర్తిగా బయటికి తీస్తారు. చల్లటి ద్రావణంలో ఉంచి, బల్ల మీద జబ్బు భాగం కోసేసి, రక్తనాళాలు సరిచేసి, మిగిలినదాన్ని అదే మనిషికి తిరిగి అమరుస్తారు. దాత అక్కర్లేదు, శరీరం కొత్త లివర్‌ని తిరస్కరించకుండా జీవితాంతం వాడే ఇమ్యునోసప్రెసెంట్లూ అక్కర్లేదు. పది గంటలు దాటే ఆపరేషన్ అది. నిలబడి చూసే అవకాశం వస్తే కదలకు.

భాష సంగతి: మీ నాన్నగారి అనుమానంలో న్యాయం ఉంది. రోగులు మాట్లాడేది సిచువాన్ యాస, యాప్‌లో నేర్చిన మాండరిన్‌తో రౌండ్స్‌లో సగం కూడా అందదు. అందుకే ఒక్కచోట ఉండమన్నా. రెండో వారానికి అవే మాటలు మళ్లీ మళ్లీ చెవిన పడి పట్టుబడతాయి. నొప్పి, జ్వరం, ఎన్నాళ్ల నుంచి, అంకెలు, ఇవి ఇప్పుడే నేర్చుకో. పొద్దున స్కాన్ ఫిల్మ్‌లు చూసే మీటింగ్ ఒక్కటీ వదలకు, సీటీ చదవడానికి భాష అడ్డురాదు.

లాసాకి విదేశీయులు సొంతంగా వెళ్లలేరు. ఏజెన్సీ ద్వారా పర్మిట్, గైడ్ ఉండాలి. ఈసారికి అది వదిలెయ్. బస్సులో కాంగ్‌డింగ్ వెళ్లు, అక్కణ్నుంచి జెదువో కనుమ దాటి టాగోంగ్ గడ్డిమైదానాలకు. వార్డులో చూసినవాళ్లు వచ్చిన నేల అలా ఉంటుంది. కొన్ని ప్రాంతాలు అప్పుడప్పుడు విదేశీయులకు మూసేస్తారు, బయల్దేరే ముందు కనుక్కో.

అన్నానగర్ మేజర్ (రిటైర్డ్ ఆర్మీ డాక్టర్):
డాక్టరుగారి సలహా బంగారం. ఎత్తు గురించి నేను చెబుతానమ్మా. చెంగ్డూ దాదాపు 500 మీటర్లు, కాంగ్‌డింగ్ 2,500, జెదువో కనుమ 4,300 దగ్గర. కాంగ్‌డింగ్‌లో రెండు రాత్రులు పడుకోకుండా పైకి పోవద్దు. టైం కలిసొస్తుందని చెంగ్డూ నుంచి డావోచెంగ్ యాడింగ్‌కి విమానం ఎక్కొద్దు, ఆ ఎయిర్‌పోర్టే 4,411 మీటర్ల ఎత్తులో ఉంది. లేహ్‌లో దిగీ దిగగానే పరుగులు పెట్టిన కుర్రాళ్లను స్ట్రెచర్ మీద కిందికి దింపినవాణ్ని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా అసెటజోలమైడ్ 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లయితే ముందు మీ ప్రొఫెసర్‌ని అడుగు. తలనొప్పి ఉంటే ఇంకా పైకి పోకు. నడక తూలినా, కూర్చున్నప్పుడే ఆయాసం వచ్చినా అర్ధరాత్రైనా సరే కిందికి దిగాలి. అక్కడి కాపలా కుక్కలు పెద్దవి, రేబిస్ టీకా చెన్నైలోనే వేయించుకుని వెళ్లు.

మారతహళ్లి రవి:
తిండి విషయం. మాపో టోఫు పేరు చూసి మోసపోవద్దండీ, అందులో కైమా వేస్తారు. కూరగాయల వేపుడులోనూ పందికొవ్వు ఉండొచ్చు. చెంగ్డూలో వెన్‌షు బౌద్ధమఠంలో పూర్తి శాకాహార భోజనం దొరుకుతుంది. అక్కడ డబ్బులు కట్టే యాప్ అలీపేలో మన కార్డు ఇక్కడే కలిపి పెట్టుకోండి. వాట్సాప్ అక్కడి సిమ్‌తో పనిచేయదు, మన సిమ్ రోమింగ్‌తో అయితే నడుస్తుంది. మీ నాన్నగారికి రోజూ మాట్లాడాలి కదా!

వడపళని అమ్మాయి:
అక్కా, చాలా థాంక్స్. మీ మెసేజ్ నాన్నకి చదివి వినిపించా. కుక్కల ప్రశ్న దగ్గర ఆగి, మళ్లీ చదవమన్నారు. ఇప్పుడు వారానికొకటి అని రాసేసిన ఫారం మార్చమంటే ఒప్పుకుంటారా?

జయనగర్ సర్జన్, బెంగళూరు:
ఒప్పుకుంటారు, ఈరోజే మెయిల్ పెట్టు. ఆహ్వాన పత్రం మీద డిపార్ట్‌మెంట్ పేరు మార్పించుకున్నాకే వీసాకి వెళ్లు. మెయిల్లో హైడాటిడ్ కోసం వస్తున్నానని రాయి, ఆ టీమ్ వాళ్లు నిన్ను గుర్తుపెట్టుకుంటారు. మీ కాలేజీలో ఇలాంటి లివర్ కేసు ఏదైనా ఉంటే దాని స్కాన్లు పేరు తీసేసి, అనుమతితో పట్టుకెళ్లు. వాళ్లూ మన కేసులు చూడాలనుకుంటారు.