పదహారేళ్ల పిల్లని మూడు వారాలు అమెరికా డార్మ్‌లో ఉంచాలా?

బెళ్లందూరు నాన్న:
అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర పల్లె, పద్నాలుగేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. అమ్మాయి పదకొండో తరగతి, సీబీఎస్‌ఈ. బోస్టన్ దగ్గర ఒక యూనివర్సిటీలో హైస్కూల్ పిల్లలకి జులైలో మూడు వారాల సమ్మర్ ప్రోగ్రాం ఉంది, వెళ్తానని పట్టుబడుతోంది. పగలు క్లాసులు, రాత్రి అక్కడి డార్మ్‌లోనే, గదికి ఇద్దరు. మా తమ్ముడు న్యూజెర్సీలో ఉన్నాడు గానీ అక్కణ్ణించి కారులో నాలుగు గంటల పైనే. నేను పంపుదామంటున్నాను, వాళ్లమ్మ వద్దంటోంది. ఆమె భయం చదువు గురించి కాదు, రాత్రుల గురించి. పంపినవాళ్లూ, ఆలోచించి మానుకున్నవాళ్లూ చెప్పండి. డబ్బు సంగతి పక్కన పెట్టండి.

కె.ఆర్.పురం లెక్కల మాస్టారు:
పక్కన పెట్టమంటే ఎలాగండీ? పేరున్నచోట్ల రెండు వారాలకే ఐదారు వేల డాలర్లు అడుగుతున్నారు. టికెట్టు, వీసా వేరు. పోనీ రేపు అక్కడే సీటు వస్తుందా అంటే, సమ్మర్‌కి వచ్చారు కదా అని అడ్మిషన్‌లో మొగ్గు చూపం అని చాలా యూనివర్సిటీలు ముందే చెప్పేస్తాయి.

ఇంకో మాట. వాళ్ల సమ్మర్ మన సమ్మర్ కాదు. మనకి ఎండలు ఏప్రిల్, మే. జూన్ మొదట్లో ఇక్కడ బడి తెరుస్తారు. వాళ్లకి సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా. ఐబీ అనే అంతర్జాతీయ సిలబస్ బడుల పిల్లలకి ఇది సరిగ్గా కుదురుతుంది. మీ అమ్మాయికి మాత్రం జులైలో మూడు వారాల పాఠాలు పోతాయి. సీబీఎస్‌ఈ 75 శాతం హాజరు అడుగుతుంది. మధ్యలో జ్వరమొస్తే లెక్క చూసుకోండి.

గురుకులం పాత కాపు:
మూడు వారాలకి ఇంత చర్చా? 1971లో పి.వి. నరసింహారావు చొరవతో సర్వేల్ గ్రామంలో మొదటి గురుకులం వచ్చినప్పటి నుంచి మన పల్లె పిల్లలు ట్రంకు పెట్టె పట్టుకుని వెళ్తూనే ఉన్నారు. నేను వెళ్లినప్పుడు నాకు పదేళ్లు. మా నాన్న గేటు దగ్గర దింపి, బస్సు పోతుందని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. ఏమైంది? బాగానే ఉన్నాం. పంపండి తమ్ముడూ.

వైట్‌ఫీల్డ్ సుజ్జి అమ్మ:
అన్నా, మీ ట్రంకు పెట్టె కథకి దండం గానీ, దానికీ దీనికీ పోలికేంటి? నేను విజయవాడలో ఇంటర్ హాస్టల్‌లో రెండేళ్లున్నాను. నాలుగున్నరకి లేపేవాళ్లు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, నెలకో ఔటింగ్. నీళ్లు తాగడానికి కూడా గంట కొట్టాలి. అక్కడ నేనేం స్వతంత్రం నేర్చుకున్నాను? ఎవరైనా లేపితే లేవడం నేర్చుకున్నాను.

డార్మ్‌లో కష్టం దీనికి తలకిందులు. మూడింటికి క్లాసు అయిపోతే, రాత్రి హాజరు వేసేదాకా ఎక్కడున్నావని అడిగేవాళ్లు ఉండరు. మన అపార్ట్‌మెంట్ పిల్లలు ట్యూషన్‌కి కారులో వెళ్లి కారులో వస్తారు. పర్పుల్ లైన్ మెట్రో ఒక్కళ్లే ఎక్కి ఎరగరు. ఒక్కసారిగా ఊరంతా వాళ్ల చేతిలో పెడితే? మా వాణ్ణి అందుకే పంపలేదు. ఇంకో ఏడాది పోనీ అన్నాను. వాడు ఇప్పటికీ దెప్పుతాడు, అది వేరే సంగతి.

ఒకప్పటి ఆర్‌ఏ:
నేను ఎం.ఎస్. చదువుతూ రెండు వేసవులు ఇలాంటి ప్రోగ్రాంలో ఆర్‌ఏగా చేశాను. ఆర్‌ఏ అంటే అదే అంతస్తులో పిల్లలతోపాటు గది తీసుకుని ఉండే కాలేజీ స్టూడెంట్. వార్డెన్ అనుకోకండి. నా కింద పద్నాలుగు మంది.

మా దగ్గర మామూలు రోజుల్లో రాత్రి పదిన్నరకి, శనాదివారాలు పదకొండున్నరకి లోపలికి వచ్చేయాలి. ఒక్కొక్కళ్ల ముఖం చూసి టిక్ పెట్టేదాన్ని. ఫోన్‌లో ‘రూంలోనే ఉన్నానక్కా’ అంటే కుదరదు. మందు ముట్టినా, కర్ఫ్యూ తర్వాత బయట దొరికినా సొంత ఖర్చుతో ఇంటికి పంపేయడమే, ఫీజు వెనక్కి రాదు. ఈ మాటలన్నీ మొదటి రోజే చదివించి సంతకం తీసుకుంటారు.

అవి కాదు నేను చెప్పాలనుకున్నది. రెండు వేసవుల్లో మన దేశం పిల్లలతో నాకొచ్చిన పేచీల్లో అబ్బాయిలూ లేరు, మందూ లేదు. దాదాపు అన్నీ రూమ్మేట్‌తోనే. మొదటి రాత్రి ఇద్దరికీ ఒక కాగితం ఇస్తాం: లైటు ఎన్నింటికి ఆపాలి, గదిలోకి స్నేహితులు ఎప్పుడు రావచ్చు, ఒకరి వస్తువులు ఇంకొకరు వాడొచ్చా అని. మన పిల్లలు అన్నిటికీ ‘నాకు ఓకే’ అని రాసేస్తారు. నాలుగో రాత్రి రెండింటిదాకా లైటు వెలుగుతుంటే, పక్క మంచం మీద ఉన్న పిల్లకి చెప్పరు. బాత్‌రూంలోకి వెళ్లి అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తారు. అమ్మ బెంగళూరు నుంచి ఆఫీసుకి మెయిల్ పెడుతుంది. పొద్దున్నే నేను ఆ పిల్ల ముందు కూర్చుని అడుగుతాను: నువ్వు ఆమెతో ఒక్కసారైనా అన్నావా? అనలేదు.

ఏడుపుకి ఇంకో కారణం ఆకలి. డైనింగ్ హాల్ ఏడున్నరకి మూసేస్తారు. తొమ్మిదింటికి తినే అలవాటున్న పిల్ల పదింటికి కార్న్‌ఫ్లేక్స్ నములుతూ కూర్చుంటుంది. రైస్ కుక్కర్ మాత్రం పెట్టి పంపకండి. గదిలో వాడనివ్వరు. పైగా అక్కడ కరెంటు 120 వోల్టులే, మన కుక్కర్ గోరువెచ్చగా అవుతుంది, అన్నం కాదు. ఆ బిల్డింగులో ఏసీ ఉందా అని కూడా అడగండి, పాతవాటిలో చాలాచోట్ల ఉండదు. జులైలో బోస్టన్ ఉక్క చెన్నై పిల్లలు తట్టుకునేవాళ్లు, బెంగళూరు పిల్లలే అల్లాడేవాళ్లు.

గురుకులం పాత కాపు:
మాకు కాగితమూ లేదు, రూమ్మేట్లూ లేరు. హాల్లో నలభై మందిమి.

వైట్‌ఫీల్డ్ సుజ్జి అమ్మ:
అందుకే మీకు ఎవరితోనూ చెప్పాల్సిన పని పడలేదు అన్నా.

హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ నుంచి:
పంపినవాళ్లలో నేనొకణ్ణి. వెళ్లేముందు హెల్త్ ఫారం తొందరగా చూసుకోండి. కొన్నిచోట్ల టీబీ పరీక్ష అడుగుతారు. మన పిల్లలకి పుట్టగానే బీసీజీ టీకా వేస్తాం కదా, చర్మం మీద చేసే పరీక్షలో దానివల్ల కూడా పాజిటివ్ రావచ్చు. రక్త పరీక్ష చేయించమని మా డాక్టరు చెప్పారు. ఆఖరి వారంలో మేం పడ్డ టెన్షన్ మీరు పడొద్దు.

బెళ్లందూరు నాన్న:
ఇప్పుడు రాస్తున్నది నాన్న కాదండీ, అమ్మని. ఆయన ఫోన్‌లోనే అంతా చదివాను. ఆర్‌ఏ గారూ, నిజం చెప్పండి. పదిన్నరకి మీరు టిక్ పెట్టి వెళ్లి పడుకుంటారు. ఆ తర్వాత ఎవరైనా తలుపు తట్టినా, మా అమ్మాయే తీసుకుని బయటికి వెళ్లినా మీకు తెలుస్తుందా?

ఒకప్పటి ఆర్‌ఏ:
ప్రతిసారీ తెలియదండీ. కాపలా కూర్చుంటామని అబద్ధం చెప్పలేను. బయటి గేటుకి కార్డు ఉండాలి, ఊళ్లోవాళ్లెవరూ నేరుగా గది దాకా రాలేరు. కానీ పిల్లల్ని లోపల పెట్టి బయట తాళం వేయడం అక్కడ కుదరదు, మంటలొస్తే వాళ్లు బయటపడాలి. తలుపు తీసే చెయ్యి మీ అమ్మాయిదే. నాకు తెలిసి ఒక్క పిల్లే అలా వెళ్లింది. అర్ధరాత్రి ఎవరో మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ మాడ్చారు, అలారం మోగి అందరం నైట్ డ్రస్సులతో పచ్చిక మీద నిలబడ్డాం. తలలు లెక్కపెడితే ఒకటి తక్కువ. అలా తెలిసింది, నా నిఘా వల్ల కాదు.

కె.ఆర్.పురం లెక్కల మాస్టారు:
ఇంత నిజాయితీగా చెప్పాక నా ఓటు ఇంకా వద్దనే. ముందు మారతహళ్లిలో ఓ పీజీ హాస్టల్‌లో పది రోజులు పెట్టి చూడండి.

వైట్‌ఫీల్డ్ సుజ్జి అమ్మ:
మాస్టారూ, మారతహళ్లి పీజీలో పప్పు, గోంగూర పెడతారు, పక్క మంచం మీద గుంటూరు అమ్మాయి ఉంటుంది. అది అమ్మమ్మగారి ఊరికి పంపినట్టే.

బెళ్లందూరు నాన్న:
మళ్లీ నేనే, అమ్మని. పచ్చిక మీద తలలు లెక్కపెట్టిన సంగతి చదివాక భయం పెరిగిందో తగ్గిందో నాకే తెలియడం లేదు. ఈయన మాత్రం హాజరు సంగతి కనుక్కోవడానికి సోమవారం బడికి వెళ్తానంటున్నారు. రూమ్మేట్ కాగితం గురించి అమ్మాయికి చదివి వినిపించాను. లైటు ఎన్నింటికి ఆపాలని రాస్తావే అంటే కాసేపు ఆలోచించి ‘పదకొండు’ అంది. ‘ఆ అమ్మాయి ఒంటిగంట అంటే?’ అన్నాను. జవాబు లేదు. తర్వాత ఆర్‌ఏ అక్కని ఒక్కటి అడగమంది: అంతస్తంతటికీ ఒకటే బాత్‌రూం అంటున్నారు, లోపల గడియ ఉంటుందా?

ఒకప్పటి ఆర్‌ఏ:
టాయిలెట్‌కి గడియ ఉంటుంది తల్లీ, కానీ తలుపు కింద జానెడు పైనే సందు ఉంటుంది. అమెరికాలో చాలాచోట్ల అంతే. షవర్‌కి మా దగ్గర కర్టెన్ మాత్రమే. నైటీ, రబ్బరు చెప్పులు, సామాన్లు వేసుకోవడానికి చిన్న ప్లాస్టిక్ బుట్ట తెచ్చుకో. ఏడింటికి ముందే వెళ్తే ఎవరూ ఉండరు.