9½ అంగుళాల ఏరియల్ రోల్‌ని హాఫ్‌ప్లేట్ కెమెరాలో వాడొచ్చా?

విజయనగరం నుంచి:
మా తాతగారికి గంటస్తంభం దగ్గర ఫొటో స్టూడియో ఉండేది. ఆయన హాఫ్‌ప్లేట్ కెమెరా ఇప్పుడు నా దగ్గరుంది. టేకు చెక్క, ఇత్తడి లెన్సు, ముడతల తోలుసంచి (బెల్లోస్) ఇంకా చిల్లు పడలేదు. గాజు ప్లేట్ల కాలంనాటిది, 4¾ × 6½ అంగుళాలు. ఆ సైజు ఫిల్మ్ వెతికి వెతికి విసిగిపోయాను. పోయిన నెల పాత సామాన్ల కొట్లో విమానం నుంచి సర్వే ఫొటోలు తీసే ఫిల్మ్ దొరికింది: కొడాక్ ప్లస్-ఎక్స్ ఏరోగ్రాఫిక్ 2402, వెడల్పు 9½ అంగుళాలు. గడువు ఎప్పుడో దాటింది. ఎర్రబల్బు కింద మూరెడు కోసి డెవలప్ చేస్తే మొత్తం నల్లగా వచ్చింది. ఫిల్మ్ పోయిందా, తప్పు నాదా? మా నాన్నమ్మకి 86 ఏళ్లు. తాతగారు ఆవిణ్ణి కూర్చోబెట్టి తీసిన కుర్చీలోనే మళ్లీ తీయాలని ఆశ.

శ్రీకాకుళం నుంచి:
బాబూ, ముందు ఆ ఎర్రబల్బు ఆర్పేయండి. ఈ ఫిల్మ్‌కి ఎరుపు బాగా కనిపిస్తుంది. ఆకాశంలో మంచుపొరని దాటి నేల కనబడాలని అలా చేశారు. కటిక చీకట్లోనే తెరవాలి. రెండంగుళాల ముక్క కోసి సగం ఫిక్సర్‌లో (డెవలప్ కాని మందుని కరిగించే ద్రావణం) మాత్రమే వేయండి, మిగతా సగం డెవలప్ చేసి ఫిక్స్ చేయండి. రెండోది లేత బూడిదరంగులో వస్తే నిశ్చింతగా వాడుకోవచ్చు.

కొలత చూశారా? 9½లో సగం సరిగ్గా 4¾! 6½ అంగుళాల పొడవు కోసిన ప్రతిసారీ రెండు షీట్లు. అట్టతో కొలత చేసుకుని వెంట్రుకవాసి తగ్గించి కోయండి, లేకపోతే హోల్డర్‌లో (ప్లేటు పెట్టే చట్రం) ఇరుక్కుంటుంది. మందు (వెలుతురు పట్టే పూత) ఉన్న వైపు ఏదో చీకట్లో తెలియాలంటే మూలని తడి పెదవికి ఆనించండి. అంటుకున్నదే మందు వైపు.

బొబ్బిలి నుంచి:
ఒక్క మాట అన్నా. గాజు మందం ఫిల్మ్‌కి ఉండదు. ఉత్త ఫిల్మ్ పెడితే వంగిపోయి ఫోకస్ తప్పుతుంది. నేనైతే అదే సైజు గాజుపలక కోయించి, అంచుల్లో సన్నటి డబుల్ టేప్‌తో ఫిల్మ్ అతికిస్తాను. తాతగారి నెగెటివ్ గాజులు మాత్రం దానికి వాడకండి, దయచేసి.

విజయనగరం నుంచి:
బూడిదరంగే వచ్చిందండీ! చీకట్లో ఆ పెదవి పరీక్ష చేస్తుంటే చేతులు వణికాయి. లెన్సుకి షట్టర్ లేదు, మూత తీసి పెట్టడమే. ఎంతసేపు తీయాలి?

శ్రీకాకుళం నుంచి:
డబ్బా మీద స్పీడ్ (ఫిల్మ్ వెలుతురుని ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే అంకె) ఏరియల్ లెక్క, మన మామూలు ఐఎస్ఓ లెక్క కాదు. దాన్ని నమ్మకండి. ఒక షీట్ ఖర్చు పెట్టండి. హోల్డర్ ముందుండే జారుడు మూత (స్లైడ్) పూర్తిగా తీసి 1 సెకను, పావు వంతు మూసి ఇంకో 1, మళ్లీ పావు మూసి 2, మళ్లీ పావు మూసి 4. ఒకే షీట్ మీద 1, 2, 4, 8 సెకన్ల పట్టీలు వస్తాయి. పెద్దావిడ కదలకుండా మెడ వెనక దిండు పెట్టండి.

విజయనగరం నుంచి:
వరండా నీడలో 4 సెకన్ల పట్టీ బాగుంది, గుమ్మం గొళ్లెం కూడా తేటగా కనిపిస్తోంది. ఆదివారం ఉదయం తీస్తున్నాను. నాన్నమ్మ ఇప్పటికే జరీ చీర తీసి ఎండలో వేసింది.