రంగం వెళ్ళినవాళ్ళ మీద పీహెచ్‌డీ: లండన్‌కి కొత్తగా వచ్చాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (లండన్ నుంచి)

అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లె. పోయిన నెలలో లండన్ వచ్చాను, ఇక్కడ ఒక యూనివర్సిటీలో చరిత్రలో పీహెచ్‌డీ. 1900 నుంచి 1942 దాకా మన వైపు నుంచి బర్మాలోని రంగూన్ (మన పెద్దల మాటలో రంగం) వెళ్ళి కూలిపని చేసిన తెలుగువాళ్ళ మీద నా పరిశోధన. మా ముత్తాత కూడా రంగం వెళ్ళినవాడే. గైడ్‌ని ఇప్పటికి ఒక్కసారి కలిశాను. గంటసేపు మాట్లాడి, మూడు వారాల తర్వాత ఐదారు పేజీలు రాసి పంపమన్నారు. అంతే. క్లాసులు లేవు, సిలబస్ లేదు. రోజూ లైబ్రరీకి వెళ్తున్నాను, సాయంత్రానికి ఏం చేశానో నాకే తెలియడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ దారిలో నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు (లీడ్స్ నుంచి)

తమ్ముడూ, నాది విశాఖ. వాల్తేరు రైల్వే కార్మికుల మీద ఈ దేశంలోనే పీహెచ్‌డీ చేశాను. నీకున్న టెన్షన్ మొదటి ఏడాది అందరికీ ఉండేదే, కంగారు పడకు.

ఇక్కడి పద్ధతి మన దగ్గరలా ఉండదు. మూడు, నాలుగేళ్ళు, మొత్తం పరిశోధనే. గైడ్ వెంటపడరు, అడిగితేనే చెప్తారు. మొదటి ఏడాది చివర్లోనో, ఆ తర్వాత కొద్ది నెలలకో అప్‌గ్రేడ్ అని ఒకటుంటుంది. ఒక అధ్యాయం ముసాయిదా, మొత్తం ప్రణాళిక చూసి, నువ్వు పీహెచ్‌డీకి పనికొస్తావో లేదో తేల్చేది అక్కడే. చివర థీసిస్ ఎనభై వేల నుంచి లక్ష మాటల దాకా, ఆ తర్వాత ఇద్దరు పరీక్షకుల ముందు వైవా. అందుకే గైడ్ అడిగిన ఐదారు పేజీలు తక్కువగా చూడకు. చదవడం అయ్యాక రాద్దాం అనుకుంటే చదవడం ఎప్పటికీ అవదు. తప్పులతోనైనా రాసి పంపు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రేపే చేయాల్సిన పని లైబ్రరీలో లేదు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఎథిక్స్ ఫారం ఎక్కడ దొరుకుతుందో కనుక్కో. మనుషులతో మాట్లాడి రికార్డ్ చేసి థీసిస్‌లో వాడుకోవాలంటే ముందు యూనివర్సిటీ అనుమతి కావాలి. దానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. నేను దాన్ని రెండో ఏడాదికి వాయిదా వేశాను. ముందు ఫైళ్ళు చూద్దాం, నేను మాట్లాడాల్సిన తాతగారు ఎక్కడికి పోతారులే అనుకున్నాను.

ఆ తాతగారు 1940ల్లో బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేసినాయన. తొంభై దాటినా జ్ఞాపకం చెక్కుచెదరలేదని అందరూ చెప్పారు. అనుమతి వచ్చి, టికెట్ కొనుక్కుని నేను విశాఖలో దిగేసరికి ఆయన పోయి మూడు నెలలైంది. కోడలు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఆయన రేకు పెట్టె తెచ్చి ముందు పెట్టింది. అందులో ఒక జీతం కాగితం, ఒక ఇత్తడి బిళ్ళ. బిళ్ళ మీద నంబరుంది, పేరు లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. నా థీసిస్‌లో ఆయన ఒక నంబరుగానే మిగిలాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

లెక్క వేసుకో. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో ఊరు జపాన్ చేతికి చిక్కింది. ఓడ దొరకనివాళ్ళు అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి, లేకపోతే తము అనే ఊరు దాటి మణిపూర్‌కి నడిచారు. ఆరేళ్ళ వయసులో తండ్రి భుజమ్మీద వచ్చిన పిల్లకి ఇప్పుడు తొంభై. బ్రిటిష్ లైబ్రరీలో ఫైలు ఇంకో యాభై ఏళ్ళు ఉంటుంది. ఆమె ఉండదు.

ఇంకొక్క మాట. సమ్మతి పత్రం ఇంగ్లీష్‌లో తీసుకెళ్ళకు. తెలుగులో రాసి, పైకి చదివి వినిపించి, నోటి మాటతో ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలే రికార్డ్ చేసుకోవచ్చా అని ఫారంలోనే అడుగు. సరిగ్గా కారణం రాస్తే ఒప్పుకుంటారు. తమకు చదవడం రాని కాగితం మీద వేలిముద్ర వేసి, కూలికి తీసుకెళ్ళే మేస్త్రీల అప్పులో పడ్డవాళ్ళ పిల్లలు వాళ్ళు. మనం కూడా అదే పని చేయకూడదు.

జవాబు (కేంబ్రిడ్జ్ నుంచి)

బాబూ, అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కాగితాల సంగతి నేను చెప్తాను.

సెయింట్ పాంక్రాస్‌లోని బ్రిటిష్ లైబ్రరీ మూడో అంతస్తులో ఏషియన్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్ రీడింగ్ రూమ్ ఉంది. లండన్ నుంచి ఇండియా పాలన చూసిన ఇండియా ఆఫీస్ రికార్డులన్నీ అక్కడే చూడాలి. రీడర్ పాస్ ఉచితం. లోపలికి పెన్ను తీసుకెళ్ళనివ్వరు, పెన్సిలే. పాత ఫైలుని నురుగు దిండు మీద ఆనించి, పేజీ కదలకుండా పాములాంటి గుడ్డ బరువు ఒకటి అడ్డంగా వేస్తారు. మొదటిరోజు తెలియకపోతే అక్కడివాళ్ళని అడుగు, నిదానంగా చూపిస్తారు. 2023 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగాక అక్కడి సేవలు చాలాకాలం అస్తవ్యస్తంగా ఉన్నాయి. కాబట్టి కాటలాగ్‌లో కనిపించకపోతే లేదనుకోకు, డెస్క్ దగ్గర అడుగు.

బర్మా 1937 ఏప్రిల్ 1న ఇండియా నుంచి విడిపోయింది. ఆ తర్వాతి కాలానికి బర్మా ఆఫీస్ ఫైళ్ళు విడిగా ఉంటాయి, వాటి నంబర్లు ఎం అక్షరంతో మొదలవుతాయి. అంతకు ముందువి పబ్లిక్ అండ్ జుడీషియల్, ఎకనామిక్ శాఖల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. చాలామంది 1937 దగ్గర ఆగిపోయి పాతవి లేవనుకుంటారు.

'తెలుగు' అని వెతికితే నీకు దొరికేది తక్కువ. గుమాస్తాలు మనవాళ్ళని కొరింగీ అని రాశారు, కోరంగి రేవు పేరు మీదుగా. పాత కాగితాల్లో జెంటూ, తెలింగా అని కూడా ఉంటుంది. మీ టెక్కలి 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం అని వెతికితే ఏమీ రాదు, దాని పాత పేరు చికాకోల్, లేకపోతే గంజాం, వైజాగపటం అని వెతుకు. మనుషుల పేర్లయితే మరీ కష్టం. అప్పలస్వామిని ఒకే ఫైల్లో మూడు రకాలుగా రాసినా ఆశ్చర్యపోకు. పేరు బిగ్గరగా పలికి, తెలుగు రాని గుమాస్తా చెవికి అది ఎలా వినపడి ఉంటుందో ఊహించు.

రెండు సంగతులు మాత్రం వదలకు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు బర్మీయుల్ని పనిలోకి తీసుకున్నాయి. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి పనికొచ్చాక ఆ బర్మీయుల్ని పొమ్మన్నారు. అక్కడ మొదలైన గొడవలో మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. దీన్ని మతకలహమనో జాతి ద్వేషమనో ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళని నమ్మకు, కూలి దగ్గర మొదలైన గొడవ అది. రెండోది మేస్త్రీ పద్ధతి. మేస్త్రీ ఊళ్ళోనే అడ్వాన్స్ ఇస్తాడు, ఓడ టికెట్ పెట్టుకుంటాడు, అక్కడ కూలి తానే అందుకుని పట్టుకోగా మిగిలింది ఇస్తాడు. ఆ రోజుల్లో కార్మికుల స్థితిగతుల మీద వేసిన విట్లీ కమిషన్ బర్మాలో కూడా సాక్ష్యాలు తీసుకుంది. అది అచ్చయింది, తప్పకుండా చదువు.

మద్రాసు ప్రభుత్వ కాగితాలకి ఎలాగూ చెన్నై ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళక తప్పదు. వెళ్ళేముందు యూనివర్సిటీకి రాతపూర్వకంగా చెప్పి వెళ్ళు. నీ వీసా వాళ్ళ స్పాన్సర్‌షిప్ మీద ఉంది, చెప్పకుండా నెలలు దేశం బయట ఉంటే ఇబ్బంది.

జవాబు (చికాగో నుంచి)

తమ్ముడూ, అమెరికాలో మాకు మొదటి రెండేళ్ళు కోర్సులు, ఆ తర్వాత పెద్ద పరీక్షలు, మొత్తం ఐదారేళ్ళకి పైనే. అందువల్ల భాష నేర్చుకోవడానికి టైమ్ దొరుకుతుంది. నీకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి ఈ టర్మ్‌లోనే బర్మీస్ మొదలుపెట్టు. లండన్‌లో ఉన్నావు, ఆసియా, ఆఫ్రికా భాషలు నేర్పే సోయాస్ కాలేజీ అక్కడే ఉంది, బర్మీస్ క్లాసులు ఉన్నాయేమో కనుక్కో. రంగూన్ కథని తెలుగు, ఇంగ్లీష్ కాగితాలతోనే రాస్తే బర్మా వాళ్ళు అందులో గోడ మీద నీడల్లా మిగిలిపోతారు. పని పోగొట్టుకున్న ఆ బర్మా కూలీ కూడా ఎవరికో ముత్తాతే కదా.

జవాబు (లండన్ నుంచి, ఇంకొకరు)

ఒంటరిగా కూర్చోకు. సెనేట్ హౌస్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హిస్టారికల్ రీసెర్చ్ ఉంది, సాయంత్రాలు సెమినార్లు జరుగుతాయి, ఎవరైనా వెళ్ళవచ్చు. అక్కడ అయిపోయాక టీ దగ్గర నిలబడి మాట్లాడేవాళ్ళే తర్వాత నీ అధ్యాయాలు చదివి పెడతారు. అలాగే జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకో, కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) మినహాయింపుకి స్టూడెంట్ సర్టిఫికెట్ తీసుకో.

ప్రశ్న అడిగినవారు (నాలుగు రోజుల తర్వాత)

అక్కా, బాబాయ్, అన్నా, అందరికీ దండాలు. రీడర్ పాస్ తీసుకున్నాను. కొరింగీ అని వెతికితే ఒక్కసారిగా ఫైళ్ళు బయటపడ్డాయి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎథిక్స్ ఫారం గైడ్‌కి పంపాను.

నిన్న మా నాన్నమ్మకి ఫోన్ చేశాను. ఎనభై ఆరు. ముత్తాత కళింగపట్నంలో ఓడెక్కాడని ఇన్నాళ్ళూ ఇంట్లో అనుకుంటున్నాం. కాదట, బారువలోనట. "మరి ఎప్పుడూ చెప్పలేదేం?" అంటే "నువ్వు అడిగితే కదా" అంది. మేస్త్రీ పేరు కూడా ఠక్కున చెప్పింది. ఆ మేస్త్రీ అప్పు తీర్చడానికి అమ్మిన పొలం చెక్క ఏ చెరువు కింద ఉందో కూడా చెప్పింది.

జవాబు (లీడ్స్ నుంచి)

తమ్ముడూ, అవన్నీ ఇవాళే నోట్‌బుక్కులో రాసిపెట్టు, పక్కన తేదీ వేసి, ఫోన్లో విన్నదని కూడా రాయి. అనుమతి వచ్చాక మొదటి ప్రయాణం మీ ఇంటికే పెట్టుకో. తర్వాత విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంప్‌కి వెళ్ళు, 1960ల్లో తిరిగొచ్చినవాళ్ళ కుటుంబాలు అక్కడ ఉన్నాయి. నేను డిసెంబర్‌లో విశాఖలో ఉంటాను. ఆ ఫైర్‌మన్ తాతగారి కోడలు ఉండేది ఆ చుట్టుపక్కలే, నిన్ను తీసుకెళ్తాను.