ఎసిట్రామ్ వాడుతున్న నాన్నకి వెల్లుల్లి పెట్టొచ్చా?

సీతమ్మధార_చిన్నోడు
నాన్నగారికి 68 ఏళ్లు. మార్చిలో కాశీ నుంచి రైల్లో వచ్చాక ఎడమ పిక్క వాచి రాయిలా అయింది. బెణుకనుకుని రెండు రోజులు బామ్ రాశాం. డాప్లర్ స్కాన్ తీస్తే లోపలి సిరలో రక్తం గడ్డ. అప్పట్నుంచి రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్ మాత్ర. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె 2, 3 మధ్య ఉండాలన్నారు (పెరిగితే రక్తం మరీ పలచబడ్డట్టు), నిలబడితేగా! ఆషాఢంలో 1.4కి పడిపోతే డోసు పెంచారు. నిన్న చూస్తే 4.3. పొద్దున పళ్లు తోముకుని ఉమ్మితే నురగ ఎర్రగా ఉంది.

పక్కింటి మావయ్యగారేమో మాత్రలు మానేసి పరగడుపున నాలుగు వెల్లుల్లి రెబ్బలు నమిలితే రక్తం అదే పలచబడుతుందంటున్నారు. నాన్న రెండు వారాల నుంచి గుట్టుగా నములుతున్నారట, మాత్రతో పాటే. ఇవాళే బయటపడింది. ఎవరైనా ఇలాంటివి వాడి చూశారా?

గాజువాక_లక్ష్మి
బాబూ, చర్చ తర్వాత. ముందు డాక్టరుకి ఫోన్ చేసి ఎర్ర నురగ సంగతి, వెల్లుల్లి సంగతి రెండూ చెప్పు. విరేచనం నల్లగా అవుతోందా, ఒంటి మీద కమిలిన మచ్చలున్నాయా చూడు. ఒకవేళ ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఫోన్లతో ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లిపో.

మా ఆయనకి స్టెంటు వేశాక నేనూ అవిసె గింజల కారప్పొడి, అల్లం టీ, పసుపు పాలు అన్నీ మొదలుపెట్టాను. పనిచేశాయా అంటే ఏం చెప్పను? ఆస్పిరిన్ కూడా వేసుకుంటున్నారు కదా, దేని పుణ్యమో!

హార్బర్_వాసు
నా ఓటు చేపకే. వంజరం రేటు చూసి భయపడకండి, కవళ్లు, కనగుర్తలు తినండి. ఒమేగా-3 వాటిలోనే దండిగా ఉంటుంది. గ్రీన్‌లాండ్‌లో సీలు మాంసం, చేపలు తినే ఎస్కిమోలకి గాయమైతే రక్తం ఆగడానికి ఎక్కువసేపు పడుతుందని 1970లలో డెన్మార్క్ డాక్టర్లు గమనించారు. ఈ కథంతా అక్కణ్ణుంచే.

ఇంకో ముక్క. కనగుర్త శాస్త్రీయ నామంలో కూడా కనగుర్తే ఉంది, రాస్ట్రెల్లిగర్ కనగుర్త అని. ప్యాట్రిక్ రసెల్ అనే దొర మన విశాఖ రేవులో చేపల్ని బొమ్మలు గీయించి 1803లో అచ్చేయిస్తే, ఆ పేరే ప్రపంచమంతా పాకింది. చర్చకి సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.

మందులషాపు_మూర్తి
మహారాణిపేటలో ఇరవై ఏళ్లుగా కౌంటర్లో నిలబడుతున్నాను. చిన్నోడి నాన్నగారి కేసులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

రక్తం గడ్డకట్టడంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడం ఒక పని. గుండె రక్తనాళాల్లో దానిదే పెద్ద పాత్ర, అందుకే అక్కడ ఆస్పిరిన్. వెల్లుల్లిలోని అజోయిన్ అనే పదార్థం, అల్లం, చేపనూనె ఆ అతుక్కోవడాన్నే కాస్త తగ్గిస్తాయి. కాలి సిరలో గడ్డ ఎక్కువగా ఫైబ్రిన్ అనే పోగులతో అల్లుకుంటుంది. ఆ పోగులు తయారవ్వాలంటే లివర్‌కి విటమిన్ కె కావాలి. ఎసిట్రామ్ అడ్డుపడేది అక్కడ. కాబట్టి మాత్ర ఆపి వెల్లుల్లి తింటే తాళం ఒక తలుపుకి, దొంగ ఇంకో తలుపులో.

రెండూ కలిపితే ఇంకో చిక్కు. వెల్లుల్లి ప్లేట్‌లెట్లకి చేసింది ఐఎన్ఆర్‌లో కనబడదు. రిపోర్టు 2.5 అని బాగానే చూపిస్తుంది, చిగుళ్లు మాత్రం కారుతుంటాయి. పప్పు తాలింపులో వేసే రెండు రెబ్బలకి భయం లేదు. పచ్చివి నమలడం, క్యాప్సూళ్లు, వాటితోనే గొడవ. ఆపరేషన్‌కి ముందు వాటిని ఆపమనేది కూడా అందుకే. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ కూడా సొంతంగా వేసుకోకండి.

పాతకాలం_మనిషి
మా తాతగారు రోజూ వెల్లుల్లి తిని తొంభై ఏళ్లు బతికారు. ఆస్పిరిన్ కథ మొదలైంది కూడా చెట్టు బెరడు దగ్గరే కదా! ఇంగ్లిషు మందంతా వ్యాపారం.

మందులషాపు_మూర్తి
మీ తాతగారికి కాలిలో గడ్డ ఉందా మాస్టారూ? చెట్టు సంగతికొస్తే ఎసిట్రామ్ వంశమూ గడ్డి నుంచి వచ్చిందే. 1920లలో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసి పశువులు రక్తం కారి చచ్చిపోయాయి. అందులో ఏముందో విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం తేల్చింది. దాని బంధువే వార్ఫరిన్, ఎసిట్రామ్ లాంటి మందే. 1948లో ఎలకల మందుగా వచ్చింది, 1954 నుంచి మనుషులకి. అదే గడ్డిని కొలిచి మిల్లీగ్రాముల్లో ఇస్తున్నారు, అంతే.

ఎంవీపీ_సుధ
మా ఆడపడుచు జపాన్ నుంచి రక్తం పలచబడ్డానికని నాటోకైనేజ్ మాత్రల సీసా తెచ్చింది. 1980లో అక్కడి శాస్త్రవేత్త సుమి, నాటో అనే పులియబెట్టిన సోయాగింజల్లో కనిపెట్టారట. నేను డాక్టరుకి చూపిస్తే, ఇప్పటికే వాడే మందుతో కలిస్తే రక్తస్రావం అవ్వచ్చన్నారు. నాటో గింజల్నే తింటే అదో తమాషా. వాటి నిండా విటమిన్ కె, మాత్ర పనిని వెనక్కి లాగుతుంది. సీసా మూత తియ్యలేదు.

గాజువాక_లక్ష్మి
విటమిన్ కె అంటే ఆకుకూరలే కదా మూర్తిగారూ? చిన్నోడా, ఆషాఢంలో మునగాకు గానీ తిన్నారా?

సీతమ్మధార_చిన్నోడు
అమ్మని అడిగా. రోజు మార్చి రోజు మునగాకు పప్పో వేపుడో చేసిందట. అప్పుడే 1.4! శ్రావణం రాగానే మానేశారు. పెంచిన డోసు మాత్రం అలాగే ఉండిపోయింది.

మందులషాపు_మూర్తి
అదే అయ్యుంటుంది. ఆకుకూర మానక్కర్లేదండి. వారానికి రెండుసార్లయితే ఎప్పుడూ రెండుసార్లే, అంతే కొలతలో. డాక్టరు ఆ తిండికి సరిపడా డోసు కుదురుస్తారు. అపిక్సాబాన్ లాంటి కొత్త మందులకి ఈ ఆకుల లెక్క లేదు. ఆయనకి సరిపడుతుందేమో అడగండి.

సీతమ్మధార_చిన్నోడు
పది రోజుల తర్వాత రాస్తున్నా. ఆ రాత్రే ఫోన్ చేస్తే ఆ రోజు మాత్ర ఆపమన్నారు, మర్నాడు వెళ్తే డోసు తగ్గించారు. వెల్లుల్లి మాన్పించాం. ఈ ఉదయం 2.6, నురగ తెల్లగానే ఉంది. అమ్మ క్యాలెండర్లో తోటకూర రోజులకి ఆకుపచ్చ చుక్క పెడుతోంది. వాసుగారూ, కనగుర్తలకి హార్బర్‌కి ఎన్నింటికి రావాలి?

హార్బర్_వాసు
తెల్లారి ఆరులోపు వచ్చేయండి. కానీ శ్రావణం కదా, ఇంట్లో ఒప్పుకుంటారా?

సీతమ్మధార_చిన్నోడు
భాద్రపదంలో వస్తా.