అప్‌డేట్: రాబోయే ఇండీ ఫాంటసీ గేములను కనుక్కొనే దారి దొరికింది

పెద్ద కంపెనీల ప్రచారం మాటున మరుగునపడే, ఇంకా విడుదల కాని ఇండీ (చిన్న బృందాలు సొంతంగా తయారుచేసే) ఫాంటసీ గేములను ఎలా కనుక్కోవాలని గత నెల మిమ్మల్ని అడిగాను. మీరు చెప్పినట్లే, కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఏడాదికి మూడుసార్లు జరిగే నెక్స్ట్ ఫెస్ట్‌లోని, రాబోయే గేముల ఉచిత డెమోలను (నమూనా భాగాలను), తిరుపతిలో కపిలతీర్థం దగ్గరున్న మా గదిలో తమ్ముడితో కలిసి రాత్రుళ్లు ఆడి చూశాను. రెండు గేములు మనసుకు హత్తుకోవడంతో వెంటనే విష్‌లిస్టులో (కొనాలనుకునే గేముల జాబితాలో) చేర్చాను. చిన్న బృందాలకు విడుదల నాటికి అదే పెద్ద అండ. ఇండీ గేములు అమ్మే మరో వేదిక ఇచ్.ఐఓలో, అమ్మకాల్లో వేదికకు ఎంత వాటా ఇవ్వాలో తయారీదారులే నిర్ణయించుకోవచ్చని తెలిసి సంతోషించాను. గేముల తయారీకి వాడే సాఫ్ట్‌వేర్‌ను అందించే యూనిటీ సంస్థ 2023లో ఇన్‌స్టాల్‌ల లెక్కన తయారీదారులపై రుసుము ప్రకటించడం మాత్రం నా దృష్టిలో అత్యాశే; నిరసనలు వెల్లువెత్తాక 2024లో దాన్ని రద్దు చేసుకుంది. 2025 నాటి చట్టంతో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించిన ప్రభుత్వం, కథలల్లే మన యువ తయారీదారులకూ అంతే శ్రద్ధతో తోడ్పడాలి. వచ్చే ఫెస్ట్‌కు తమ్ముడు ఇప్పటికే జాబితా రాస్తున్నాడు.