రాత్రి తొమ్మిదికి జిమ్, పదిన్నరకు సంగటి: బరువు తగ్గుతుందా?

పాతూరు_కుర్రోడు, అనంతపురం

అన్నలకూ అక్కలకూ నమస్కారం. పాతూరులో బట్టల షాపులో పనిచేస్తాను. పొద్దున పదికి షట్టర్ ఎత్తితే రాత్రి ఎనిమిదిన్నరకు దించుతాం, పెళ్లిళ్ల సీజన్లో అదీ గ్యారంటీ లేదు. జిమ్‌కు నాకు దొరికేది తొమ్మిది నుంచి పది, అంతే. "పొద్దున్నే పోవచ్చు కదా" అనేవాళ్లకు ముందే దండం. పాపను రెడీ చేసి బడి ఆటో ఎక్కించేది నేనే. పైగా మా జిమ్ రేకుల షెడ్డు. ఈ ఎండల్లో సాయంత్రం ఆరింటికి పోయి రాడ్ పట్టుకుంటే పొయ్యి మీది పెనం పట్టుకున్నట్టే. తొమ్మిది దాటితేనే లోపల మనిషి నిలబడగలడు.

వయసు 34, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 81 కిలోలు. 74కు రావాలని ఉంది.

తిండి విషయానికొస్తే, పొద్దున ఇంట్లో ఇడ్లీయో దోసెనో. వారంలో సగం రోజులు షాపు పక్క బండి మీద ఉగ్గాణి (బొరుగుల తాలింపు), బజ్జి. మధ్యాహ్నం క్యారియర్లో అన్నం, పప్పు, ఒక వేపుడు, మజ్జిగ. ఆ తర్వాత టీలు తప్ప ఏమీ పడదు. సాయంత్రమే గిరాకీ. చీర మడత విప్పి చూపిస్తూ నోట్లో ఏదైనా నములుతుంటే ఓనరు ఊరుకోడు. జిమ్ నుంచి ఇంటికొచ్చేసరికి పదింపావు, ఆకలితో ప్రాణం పోతుంటుంది. రెండు సంగటి ముద్దలు, పప్పు, ఊరిబిండి (చెనక్కాయల పచ్చడి), చివర్లో కాస్త పెరుగన్నం.

జిమ్‌లో కోచ్ ఏడు దాటాక అన్నం, సంగటి ముట్టొద్దంటాడు. మా అమ్మేమో "అంతంత ఇనుము ఎత్తొచ్చి ఖాళీ కడుపుతో పడుకుంటే ఏమైపోతావు నాయనా" అని మూడో ముద్ద వేస్తుంది. చేతి వాచీ చూస్తే గంటలో 600 క్యాలరీలు ఖర్చయ్యాయని చూపిస్తుంది. ఆ 600 రాత్రి తినేయొచ్చా? తూకం మాత్రం కదలట్లేదు, అదే టెన్షన్.

కడప_ఏడురోడ్లు

బ్రో, ఆ ఏడు గంటల రూలు పట్టించుకోవద్దు. రంజాన్ నెలలో మేం ఇఫ్తార్‌కు ఖర్జూరం, పండ్లు, కాస్త గంజి తీసుకుని, రాత్రి తరావీహ్ నమాజు అయ్యాక జిమ్‌కు పోతాం. అసలు భోజనం ఆ తర్వాతే, మళ్లీ తెల్లారకముందే సహరీ. లెక్కలో తిన్నవాళ్లు ఆ నెలలో తగ్గుతారు. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా సమోసాలు, హలీమ్ లాగించినవాళ్లు పండగకు కుట్టించిన కొత్త బట్టలు పట్టక తిప్పలు పడతారు. టైము ఇద్దరికీ ఒకటే కదా.

కర్నూలు_నర్సక్క

తమ్ముడూ, నేను ఆస్పత్రిలో స్టాఫ్ నర్సును. డే డ్యూటీ ఉన్న వారాల్లో సి క్యాంపు దగ్గర జిమ్‌కు రాత్రి ఎనిమిదిన్నరకు పోతాను కాబట్టి నీ బాధ నాకు తెలుసు.

ముందు రోజుకు మొత్తం ఎన్ని క్యాలరీలో తేల్చుకో. మిఫ్లిన్ సెయింట్ జియోర్ అని ఒక సూత్రం ఉంది. బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చించి రెండూ కూడాలి. అందులోంచి వయసుకు ఐదింతలు తీసేసి, మగవాళ్లకు ఇంకో 5 కలపాలి. నీకు 1720 వస్తుంది. కదలకుండా పడుకున్నా ఒంటికి కావాల్సింది అది. నిలబడి చేసే పని, జిమ్ కలిపి 1.4తో హెచ్చిస్తే సుమారు 2400. అందులో 400 కోసి 2000 దగ్గర ఉండు. ఇది అంచనానే. కొన్ని వారాలు తూకం చూసుకుని అటూ ఇటూ జరుపుకో. జిమ్ కూడా ఇందులోనే కలిసిపోయింది, కాబట్టి వాచీ చూపించేది మళ్లీ తినడానికి లేదు. అసలు ఆ 600 మీదే నాకు నమ్మకం లేదు. సెట్టుకూ సెట్టుకూ మధ్య ఫోన్ చూసుకునే టైముతో సహా, నీ బరువుకు గంటకు 300 నుంచి 400 అనుకో.

ఇప్పుడు అసలు సంగతి. మనందరం పగలు తిన్నది తిని, మిగిలితే రాత్రికి అనుకుంటాం. నువ్వు తిరగెయ్. పొద్దున లేవగానే ఆ 2000లో 650 రాత్రికి తీసి పక్కన పెట్టు. అది ముట్టుకోకుండా మిగతాదాంట్లో పగలు గడుపు. అప్పుడు పదిన్నరకు సంగటి తింటే తప్పేమీ లేదు. అదే సంగటి ఆరింటికి తింటే తగ్గి, పదికి తింటే పెరిగేదంటూ ఏమీ లేదు. తినగానే పడుకుంటే మాత్రం కొందరికి ఛాతీలో మంట వస్తుంది, కాబట్టి గంటైనా గ్యాప్ ఇవ్వు.

నీకు దెబ్బ పడుతున్నది రెండు చోట్ల. ఒకటి ఉగ్గాణి. బొరుగులు తేలికే, పాపం వాటి తప్పేం లేదు. వాటి మీద పోసే నూనె, పక్కన పెట్టే బజ్జీలు బరువు. రెండోది మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదింపావు దాకా ఖాళీ కడుపు. అంత ఆకలి మీద మూడో ముద్ద వద్దనే శక్తి ఎవరికీ ఉండదు, నాకూ లేదు. అందుకే ఆరున్నర ప్రాంతంలో స్టాక్ రూములోకి దూరి ఒక అరటిపండు, రెండు ఉడికిన గుడ్లు తిను. 250 క్యాలరీలు, ఐదు నిమిషాల పని. జిమ్‌లోనూ కళ్లు తిరగవు. నూనె సరుకు మాత్రం ఆ టైములో వద్దు, కొవ్వు నిదానంగా అరుగుతుంది, స్క్వాట్లు కొట్టేటప్పుడు పైకి తంతుంది.

సంగటిని ఫోన్ యాప్‌లో వెతక్కు, తలా ఒకటి రాసిపెట్టారు. వండకముందే తూచు. మా ఇంట్లో 150 గ్రాముల బియ్యం, 100 గ్రాముల రాగి పిండి ఎసట్లో పోసి గెలికితే నాలుగు ముద్దలొస్తాయి. బియ్యం వందకు 355, రాగి పిండి వందకు 320 వేసుకుంటే మొత్తం 850, అంటే ముద్దకు 210 పైచిలుకు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో ఇలాంటివన్నీ పచ్చి సరుకు లెక్కలో దొరుకుతాయి.

ఇక ఊరిబిండి. చెనక్కాయలు పండించే జిల్లా వాడివి, నీకు చెప్పడానికి భయంగానే ఉంది. 30 గ్రాముల విత్తనాలకే 160 క్యాలరీలు దాటుతాయి. ఒక గరిటె చాలు. రాత్రి ఒకటిన్నర ముద్ద, గట్టి పప్పు, ఒక గుడ్డో చికెనో మీల్‌మేకరో, ఒక కప్పు పెరుగు. కిలో బరువుకు 1.6 గ్రాముల ప్రోటీన్ అందితే బరువులెత్తేవాళ్లకు సరిపోతుంది, నువ్వు చేరాలనుకున్న 74 లెక్కన రోజుకు 120 దాకా. మీల్‌మేకర్ ఎండుది 50 గ్రాములు వేస్తే 25 గ్రాములు వచ్చేస్తుంది, మాంసం దండగ అనుకునే రోజుల్లో అదే దిక్కు.

ఎనిమిదిన్నరకు ప్రీవర్కౌట్ పొడి కలుపుకుని తాగే అలవాటుంటే ఈరోజే మానెయ్. అందులో ఉండే కెఫీన్ సగం దిగడానికే ఐదారు గంటలు పడుతుంది. నిద్ర చెడితే మర్నాడు బండి మీది బజ్జీ ఎదురుగా కనిపిస్తుంది.

ప్రొద్దుటూరు_పెద్దాయన

నర్సమ్మ చెప్పిందాంట్లో ఒక్కటి కలుపుతా, షుగర్ ఉన్నవాళ్ల కోసం. నేను గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంటాను. రాత్రి గట్టిగా నడిచి, తిండి తగ్గించి పడుకుంటే నడిరాత్రి చెమటలు పట్టి లేచేవాణ్ని. షుగర్ పడిపోవడమన్నమాట. ఇన్సులిన్ వాళ్లకూ ఇదే ముప్పు. డాక్టరుతో మాట్లాడి మాత్ర డోసు సరిచేయించుకున్నాకే సర్దుకుంది. పడుకునే ముందు వేలు గుచ్చి చూసుకోండి.

పాతూరు_కుర్రోడు, అనంతపురం

అక్కా, చాలా థాంక్స్. నూనె మాట అన్నారు కదా, మా ఆవిడను అడిగితే నలుగురికి నెలకు ఐదు లీటర్లంట. ముప్పైతో, నలుగురితో భాగిస్తే రోజుకు తలా 40 మిల్లీలీటర్లు దాటుతోంది. అంటే నూనె ఒక్కటే 340 దాకా! అందులో నేను తినే బయటి ఉగ్గాణి లేదు. మా ఆవిడ వినగానే "నీ బజ్జీ లెక్క ఎవరు చెప్తారు?" అంది, జవాబు చెప్పలేకపోయాను.

ఒక డౌటు. ఆదివారం షాపు సెలవు, జిమ్ సెలవు, ఇంట్లో నాటుకోడి పులుసు. ఆరోజు కూడా 2000లోనే ఉండాలా?

కర్నూలు_నర్సక్క

వారం మొత్తంగా 14000 చూసుకో. శనివారం దాకా రోజుకు 1950 దగ్గర ఆగితే ఆదివారానికి 2300 దొరుకుతుంది, మధ్యాహ్నమే కడుపునిండా తిను. మీ ఆవిడ ఈ నెల నాలుగు లీటర్లే తెప్పించగలదేమో అడుగు. గట్టిగా అడగొద్దు.