ఈ వారం సమస్య: గడ్డిపరక మునుల కాళ్ళు కట్టె

నిర్వాహకుడు:
రేపు ఆషాఢ పూర్ణిమ. ఎల్లుండి పాడ్యమి నుంచి బౌద్ధ భిక్షువుల వర్షావాసం, అంటే వానల్లో మూడు నెలలు ఒకేచోట నివసించే నియమం, మొదలు. పొద్దున పెరట్లో రాళ్ళ సందున వేలెడు గడ్డిపరక లేచి ఉంటే, అడుగు పక్కకి వేశాను. అక్కడే పద్యానికి చివరిదైన ఈ పాదం తట్టింది. పై మూడు పాదాలూ మీరు పూరించాలి, కానివ్వండి.

తెనాలి మాస్టారు:
వానకాలమందు పైరు మొలకలెత్త
నడుగు క్రింద నలుగు నల్పజీవు
లనుచు నాగిపోయి రా మూడు నెలలును
గడ్డిపరక మునుల కాళ్ళు కట్టె

భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో ఉన్న కారణమే ఇది. వానల్లో కూడా భిక్షువులు తిరుగుతూ పచ్చగడ్డి తొక్కుతున్నారని, చిన్న ప్రాణులు చస్తున్నాయని జనం గొణిగారు. పక్షులు సైతం చెట్ల చివర గూళ్ళు కట్టుకుని ఒకచోట ఉంటాయి కదా, వీళ్ళకేమైందన్నారు. అది విని బుద్ధుడు నియమం పెట్టాడు.

పొన్నూరు పంతులుగారు:
భావం బాగుంది మాస్టారూ, కాదనను. కానీ "నెలలును"లో ఆ "ను" ఎందుకు? గణం (పాదంలో గురులఘువుల లెక్క) నింపడానికే వచ్చింది. మీ పద్యాల్లో మూడో పాదం చివర ఇది అలవాటైపోయింది. ఇక సమస్యలో "కట్టె" అంటే నిజంగా కట్టడమే. ఆగిపోవడం మాత్రమే చెబితే సగమే తీరినట్టు. నా పూరణ:

దొంగ లడవిలోన తోసి బంధింపగ
తీగ తెంపలేదు ధీరయోగి
ప్రాణమున్న దనుచు పచ్చదనమునందు
గడ్డిపరక మునుల కాళ్ళు కట్టె

బౌద్ధాచార్యుడు బుద్ధఘోషుడి గ్రంథం విశుద్ధిమార్గంలోది ఈ కథ. మహావత్తని అడవిలో దొంగలు ఒక స్థవిరుణ్ణి (పెద్ద భిక్షువుని) నల్లతీగలతో కట్టి పడేశారు. చెట్టూచేమా తుంచరాదన్న నియమం కోసం ఏడు రోజులు అలాగే పడి ఉండి, అనాగామి ఫలం (మళ్ళీ ఈ లోకంలో పుట్టని స్థితి) పొంది ప్రాణం విడిచాడు.

తెనాలి మాస్టారు:
పంతులుగారూ, "ప్రాణమున్న దనుచు పచ్చదనమునందు" చదివి కాసేపు ఆగిపోయాను. మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఈ పాదం నాకు రాలేదు. కానీ రెండో పాదంలో తీగ, నాలుగో పాదంలో గడ్డిపరక. యోగి ఒక్కడు, మునులు చాలామంది. ఈ రెండూ సరిచేయకపోతే పూరణ నిలవదు.

పైగా ఈ కథలో వాన లేదు. వర్షావాసం విషయంలో మీరు పొరబడటం ఇది రెండోసారి. పోయినేడు "మౌనవ్రతము బూని మాసమ్ములు గడిపె" అని రాశారు. తత్సమ సమాసంలో "వ్ర" ముందున్న "న" గురువై, అంటే బరువైన అక్షరమై, గణం చెడింది. అంతకన్నా పెద్ద తప్పు విషయంలో ఉంది. కోసలలో కొందరు భిక్షువులు వర్షావాసమంతా మాట్లాడకుండా గడిపి, జేతవనానికొచ్చి సుఖంగా ఉన్నామని చెబితే, పశువుల్లా కలిసి బతికారని బుద్ధుడు మందలించాడు. మౌనవ్రతం వద్దన్నాడు. ప్రవారణ పుట్టింది అక్కడే. మూడు నెలలయ్యాక ఆశ్వయుజ పూర్ణిమ నాడు, నాలో మీరు చూసిన, విన్న, అనుమానించిన తప్పేదైనా ఉంటే దయతో చెప్పండని ఒకరినొకరు అడగాలి.

పొన్నూరు పంతులుగారు:
"మౌనదీక్ష బూని" అంటే గణం సరిపోతుంది. విషయం మాత్రం సరిపోదు, మీరన్నది నిజం. ఆ పద్యం వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక ఈ పద్యంలో రెండో పాదం మారుస్తున్నాను. "తీగ తెంపరైరి ధీరయతులు". ఇప్పుడు బహువచనం కుదిరింది. ఇద్దరి కథలున్నాయి కూడా, రెండో ఆయన్ని తామ్రపర్ణి ద్వీపంలో (శ్రీలంకలో) కట్టేశారు, కార్చిచ్చు వచ్చినా తీగ తెంపలేదు. గడ్డిపరకకు తీగ ఎలా సరిపోతుందంటే, మొలిచిన ప్రతిదానికీ నియమం ఒకటే. దాన్ని వదులుకోను.

భీమిలి కోడలు:
మొదటిసారి పూరిస్తున్నాను, చాలా టెన్షన్‌గా ఉంది.

తొట్లకొండ మీద తొలకరి కురియగ
నిండె రాతి తొట్టి నీళ్ళతోడ
కాలు బయట పెట్టరు కాషాయధారులు
గడ్డిపరక మునుల కాళ్ళు కట్టె

ఒకప్పుడు బౌద్ధారామం ఉన్న తొట్లకొండ మీద రాతిని తొలిచిన తొట్లు చూశాను. ఆ పేరే వాటి వల్ల వచ్చింది. వానలో అంచు దాకా నిండి, నీటి మీద చినుకులు పడుతూ, అవతల సముద్రం బూడిదరంగులో కనిపిస్తుంది.

తెనాలి మాస్టారు:
అమ్మా, రెండో పాదం తీసుకెళ్ళి గోడ మీద రాసుకోవచ్చు. మూడో పాదంలో "పెట్టరు" భగణం, అక్కడ దానికన్నా పొట్టిదైన సూర్యగణం రావాలి. "కాలు కదపలేదు" అనండి, సరిపోతుంది.

పొన్నూరు పంతులుగారు:
గణం సరిపోతుంది, నిజం సరిపోదు. వర్షావాసంలోనూ రోజూ భిక్షకు నడుస్తారు. తల్లో తండ్రో జబ్బుపడితే ఏడు రోజుల్లో తిరిగొచ్చేలా దూరం కూడా వెళ్ళొచ్చు. వదలకూడనిది నివాసాన్ని. "కొండ విడువలేదు కూడిన భిక్షువుల్" అంటే?

తెనాలి మాస్టారు:
ఒప్పుకున్నాను. "ను" లేకుండా పాదం ముగిసింది కూడా.

భీమిలి కోడలు:
ఇద్దరికీ నమస్కారాలు. మార్చేశాను. కాషాయం పోయిందని కాస్త బాధగా ఉంది, కానీ కొండ నిలిచింది. భిక్షువుల వయసు కూడా ఎన్ని వర్షావాసాలు గడిపారన్న లెక్కేనట కదా. వచ్చేసారి దాని మీద రాస్తాను.

నిర్వాహకుడు:
మూడు పూరణలూ ఉంచుతున్నాను, పంతులుగారి తీగతో సహా. "కట్టె"ను నామవాచకంగా (కర్ర అన్న అర్థంలో) తీసుకుని ఇంకా ఎవరూ రాయలేదు. గడువు ఎల్లుండి పాడ్యమి సాయంత్రం దాకా.